వర్చువల్ మెషీన్ల క్లస్టర్ నిర్వహణకు సరళమైన వెబ్ డాష్‌బోర్డు: ఒక వివరణ

వ్యాససంగ్రహం

కొన్ని సర్వర్లను జతచేసి, వాటిపై అనేక వర్చువల్ మెషీన్లను నడిపే పద్ధతి నేడు ప్రభుత్వ సేవలకూ విద్యాసంస్థలకూ ఆధారంగా నిలిచింది. అటువంటి క్లస్టర్‌ను బ్రౌజర్ ద్వారా చూసి, నడిపేందుకు ఉపకరించే తెరనే డాష్‌బోర్డు అంటున్నాం. 'గనేటి' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకొని, చిన్న సంస్థకు తగిన డాష్‌బోర్డు ఏయే ప్రశ్నలకు జవాబివ్వాలో ఈ వ్యాసం వివరిస్తుంది. ఒక్క వ్యక్తి తలలో ఉన్న జ్ఞానాన్ని సంస్థ జ్ఞానంగా మార్చడమే దాని ముఖ్యప్రయోజనమని ప్రతిపాదిస్తుంది. మెషీన్ల స్థితిని తెలుపడంలో తెలుగు క్రియల సకర్మక, అకర్మక భేదం ఎంతగా పనికివస్తుందో కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: వర్చువల్ మెషీన్, క్లస్టర్, డాష్‌బోర్డు, గనేటి, బాదల్, ఈ-నామ్, తిరుమలగిరి, సాంకేతిక తెలుగు.

1. ఉపోద్ఘాతం

జాతీయ వ్యవసాయ మార్కెట్ 'ఈ-నామ్' 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైంది. తొలివిడతలో 8 రాష్ట్రాలకు చెందిన 21 మార్కెట్లు అందులో చేరాయి. వాటిలో తెలంగాణవి 5. ఆ ఐదింటిలో తిరుమలగిరి ఒకటి. అప్పటికి తిరుమలగిరి నల్లగొండ జిల్లాలో భాగం; అదే ఏడాది అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడింది. 2020 నాటికి ఈ-నామ్‌లో చేరిన మార్కెట్ల సంఖ్య 1,000కి చేరింది.

ఈ-నామ్ పద్ధతిలో రైతు తెచ్చిన సరుకు మార్కెట్ గేటు దగ్గరే కంప్యూటర్‌లో నమోదవుతుంది. ఆ రాశికి ఒక లాట్ సంఖ్య వస్తుంది. నాణ్యతపరీక్ష ఫలితం దానికి జతపడుతుంది. వ్యాపారులు ఎవరికివారు తెరమీద ధర కోట్ చేస్తారు. గడువు ముగిశాక ఎక్కువ ధర కోట్ చేసినవారి పేరు వెల్లడవుతుంది. తూకం, బిల్లు, చెల్లింపు ఆ తరువాత జరుగుతాయి. ఒకప్పుడు రాశి దగ్గర నిలబడి పాడిన వేలంపాట ఇప్పుడు ఎక్కడో ఉన్న సర్వర్‌పై సాగుతున్నది. 2025 జూలై 14న ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి కొత్త రేషన్ కార్డుల పంపిణీని ఇదే తిరుమలగిరిలో ప్రారంభించారు. ఆ కార్డు చెల్లుబాటు కావాలన్నా రేషన్ దుకాణంలోని యంత్రానికి దూరాన ఉన్న ఒక సమాచారనిధి జవాబివ్వాలి.

ఈ సేవలు ఏ సాంకేతిక నిర్మాణంపై నడుస్తున్నాయన్నది ఈ వ్యాసపరిధిలోనిది కాదు. అయితే ఒక విషయం స్పష్టం. ధాన్యం రాశిపోసుకొని కూర్చున్న రైతుకు సర్వర్ ఆగిన అరగంట అంటే వాన మబ్బు కింద గడిచే అరగంట. కాబట్టి సర్వర్లను ఎవరు చూస్తున్నారు, ఏ తెరమీద చూస్తున్నారు, ఆ తెర వారికి సరైన సంగతే చెబుతున్నదా అనే ప్రశ్నలు కేవలం ఇంజనీర్లవి కావు. కళాశాలల్లో హాజరు, పరీక్షలు, గ్రంథాలయం, ప్రయోగశాలలు సర్వర్లకు మారుతున్న ఈ రోజుల్లో అవి అధ్యాపకుల ప్రశ్నలు కూడా.

2. వర్చువల్ మెషీన్: భావన, చరిత్ర

ఒక పెద్ద ఇంటిని వాటాలుగా చేసి అద్దెకిచ్చినట్లు, ఒక సర్వర్ శక్తిని విభజించి అనేక కంప్యూటర్లుగా వాడుకోవడం వర్చువలైజేషన్. ప్రతి వాటాకూ తన ఆపరేటింగ్ సిస్టమ్, తన మెమరీ, తన డిస్క్ ఉంటాయి. లోపల నడిచే ప్రోగ్రామ్ తాను పూర్తి కంప్యూటర్‌పైనే ఉన్నానని భావిస్తుంది. ఈ విభజన చేసే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1960లలో ఐబీఎం సంస్థ కేంబ్రిడ్జి శాస్త్రకేంద్రంలో 'సీపీ-40', 'సీపీ-67' వ్యవస్థలు రూపొందాయి. 1972లో 'వీఎం/370' వెలువడింది. ఒక యంత్రాన్ని ఈ విధంగా విభజించడానికి దాని నిర్మాణం ఏ నియమాలను పాటించాలో 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ సిద్ధాంతరీత్యా నిరూపించారు. సాధారణ కంప్యూటర్లకు ఈ పద్ధతి 1990ల చివర వీఎంవేర్ సంస్థ ద్వారా అందింది. 2003లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి 'జెన్' వచ్చింది. 2007 ఫిబ్రవరిలో 'కేవీఎం' లినక్స్ కెర్నల్‌లోనే భాగమైంది. అప్పటినుంచి లినక్స్ ఉన్న ప్రతిచోటా, హార్డ్‌వేర్ అనుకూలిస్తే, ఖర్చు లేకుండా వర్చువల్ మెషీన్లను నడపడం సాధ్యమైంది.

చిన్న సంస్థకు దీనివల్ల కలిగే మేలు రెండు విధాలు. మొదటిది పొదుపు. గ్రంథాలయానికి ఒకటి, వెబ్‌సైటుకు ఒకటి, విద్యార్థుల సాధనకు ఒకటి చొప్పున వేర్వేరు సర్వర్లు కొననక్కరలేదు. రెండవది విడదీత. విద్యార్థి తన మెషీన్‌ను పాడుచేసుకున్నా గ్రంథాలయం పక్కవాటాలో యథాతథంగా నడుస్తుంది. అయితే ఇంటి పునాది కదిలితే వాటాలన్నీ కదులుతాయి. ఒక్క సర్వర్ చెడిపోతే దానిపై ఉన్న మెషీన్లన్నీ ఒక్కసారిగా పోతాయి. ఈ భయమే క్లస్టర్‌కు దారితీసింది.

3. క్లస్టర్: 75 శాతం ఎప్పుడు ప్రమాదం?

కొన్ని సర్వర్లు ఒకే నిర్వహణ కింద కలిసి, ఒకటి పడిపోతే దాని భారాన్ని మిగిలినవి మోయగలిగే ఏర్పాటు క్లస్టర్. ఈ 'మోయగలగడం' దానంతటదే సిద్ధించదు. ఒక చిన్న లెక్కతో దీన్ని పరిశీలిద్దాం.

తిరుమలగిరి వంటి పట్టణంలోని ఒక కళాశాలలో మూడు సర్వర్లు ఉన్నాయనుకుందాం. వాటికి క, చ, ట అని పేర్లు. వర్చువల్ మెషీన్లకు కేటాయించగల మెమరీ ఒక్కొక్కదానిలో 64 గిగాబైట్లు, మొత్తం 192. 'క' మీద 40, 'చ' మీద 48, 'ట' మీద 56 గిగాబైట్ల మెషీన్లు నడుస్తున్నాయి. మొత్తం 144, అంటే 75 శాతం. సాధారణమైన డాష్‌బోర్డు దీన్ని ఆకుపచ్చ పట్టీగా చూపుతుంది. ఇంకా 48 గిగాబైట్లు ఖాళీ ఉన్నదని చెబుతుంది. చూసినవారు మరో మెషీన్ సృష్టిస్తారు.

ఇప్పుడు 'ట' పడిపోయిందనుకుందాం. 56 గిగాబైట్ల మెషీన్లకు చోటు కావాలి. 'క'లో ఖాళీ 24, 'చ'లో 16, మొత్తం 40. పదహారు గిగాబైట్ల మెషీన్లకు చోటు దొరకదు. 'చ' పడిపోయినా, 'క' పడిపోయినా ఇదే పరిస్థితి. ఆకుపచ్చగా కనిపించిన ఈ క్లస్టర్ ఏ ఒక్క సర్వర్ లోటునూ భరించలేదు. సమానశక్తి గల మూడు సర్వర్లు ఉన్నప్పుడు వాడదగిన గరిష్ఠభాగం మూడింట రెండు వంతులే, అంటే 128 గిగాబైట్లు. అదే 75 శాతం నాలుగు సర్వర్ల క్లస్టర్‌లో సరిగ్గా హద్దుమీద ఉంటుంది. అంటే శాతం ఒక్కటే ఏ సంగతీ చెప్పదు.

హద్దులో ఉన్నంతమాత్రాన క్షేమమూ కాదు. 'క' మీద 32 గిగాబైట్లది ఒకటి, 8 గిగాబైట్లది ఒకటి ఉన్నాయనీ, 'చ', 'ట'లలో 44 చొప్పున నిండాయనీ అనుకుందాం. మొత్తం 128. 'క' పోతే మిగిలినవాటిలో ఖాళీ 20, 20. కూడితే 40, కావలసినదీ 40. కాని 32 గిగాబైట్ల మెషీన్ ఏ ఒక్కదానిలోనూ పట్టదు. రెండు సగం బస్తాల ఖాళీ ఒక నిండు బస్తాకు చోటు కానట్లే ఇది. ప్రాసెసర్ విషయంలో కొంత సర్దుబాటుకు వీలుంటుంది, వంతులవారీగా వాడుకోవచ్చు. మెమరీ విషయంలో ఆ వెసులుబాటు చాలా తక్కువ.

కనుక డాష్‌బోర్డు మొదటి పేజీలో అన్నిటికన్నా పైన ఉండవలసింది వాడకశాతం కాదు. 'ఈ క్షణంలో ఏ ఒక్క సర్వర్ ఆగినా మిగిలినవి దాని మెషీన్లను మోయగలవా?' అన్న ప్రశ్నకు 'అవును' లేదా 'కాదు' అనే జవాబు. 'కాదు' అయితే ఏ సర్వర్ విషయంలో, ఏ మెషీన్ వల్ల అన్న వివరం దాని కిందనే ఉండాలి.

4. గనేటి: ఒక వాస్తవ ఉదాహరణ

ఈ లెక్కను మొదటినుంచీ పట్టించుకున్న సాఫ్ట్‌వేర్ గనేటి. గూగుల్ సంస్థ తన అంతర్గత అవసరాలకు తయారుచేసుకొని, 2007లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదలచేసింది. జెన్, కేవీఎం రెంటిపైనా పనిచేస్తుంది. మొదట పైథాన్ భాషలో రాసినా, తరువాత కొన్ని భాగాలు హాస్కెల్ భాషలోకి మారాయి. తెలుగువారికి దీనితో పరోక్షమైన సంబంధం ఉన్నది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ తన సహాయక సేవలకు కావలసిన చిన్న వర్చువల్ మెషీన్లను గనేటి క్లస్టర్లపై నడుపుతున్నది.

గనేటిలో సర్వర్‌ను 'నోడ్' అంటారు, వర్చువల్ మెషీన్‌ను 'ఇన్‌స్టెన్స్' అంటారు. నోడ్లలో ఒకటి మాస్టర్. ఆదేశాలన్నీ దానినుంచే వెలువడతాయి. డిస్కుల జంటప్రతుల పద్ధతిని ఎంచుకుంటే ప్రతి మెషీన్‌కూ ఒక ప్రధాన నోడ్, ఒక ద్వితీయ నోడ్ ఉంటాయి. మెషీన్ ప్రధాన నోడ్‌పై నడుస్తుంది. డిస్కుమీద రాసిన ప్రతి అక్షరం 'డీఆర్‌బీడీ' అనే సాధనం ద్వారా ద్వితీయ నోడ్‌కూ చేరుతుంది. ఖరీదైన ఉమ్మడి డిస్కు వ్యవస్థ కొనకుండానే రెండు మామూలు సర్వర్లతో నష్టనివారణ సాధ్యం కావడం చిన్న సంస్థలకు ఇది అందించిన పెద్ద వరం.

ఈ ఏర్పాటులో పై లెక్క మరింత కఠినమవుతుంది. మెషీన్ ఎక్కడికైనా పోలేదు. తన ద్వితీయ నోడ్‌కే పోవాలి. క్లస్టర్‌ను సరిచూసే ఆదేశం ఇచ్చినప్పుడు గనేటి ప్రతి నోడ్‌నూ తీసుకొని, ఇతర నోడ్లలో ఏ ఒక్కటి పోయినా దానినుంచి వచ్చే మెషీన్లకు ఇక్కడ మెమరీ చాలుతుందా అని పరిశీలిస్తుంది. చాలకపోతే హెచ్చరిస్తుంది. భారాన్ని సమంచేసే మార్గాలు సూచించడానికి 'హెచ్‌బాల్', ఇంకా ఎన్ని మెషీన్లు పడతాయో అంచనా కట్టడానికి 'హెచ్‌స్పేస్' అనే ఉపకరణాలున్నాయి.

ఇన్ని ఉన్నా ఇవన్నీ కమాండ్ లైన్ ఆదేశాలే. నల్లతెరపై అక్షరాలు కొట్టడం తెలిసినవారికే దక్కుతాయి. ఈ లోటు తీర్చడానికి అమెరికాలోని ఓరెగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఓపెన్ సోర్స్ ల్యాబ్ 'గనేటి వెబ్ మేనేజర్' అనే డాష్‌బోర్డును నిర్మించింది. పైథాన్ భాషలోని జాంగో ఆధారంగా తయారైన ఈ తెరమీద మెషీన్లను సృష్టించవచ్చు, ఆపవచ్చు, వాటి తెరను బ్రౌజర్‌లోనే చూడవచ్చు. ఎవరికి ఏ మెషీన్‌పై అధికారముందో నిర్ణయించవచ్చు.

5. డాష్‌బోర్డు నిర్మాణం: తెరకూ సత్యానికీ మధ్య దూరం

ఇటువంటి డాష్‌బోర్డులో మూడు అంచెలుంటాయి. మొదటిది వాడుకరి బ్రౌజర్. రెండవది మధ్యలో ఉండే వెబ్ అప్లికేషన్. మూడవది క్లస్టర్ బయటికి తెరచి ఉంచిన ద్వారం. గనేటిలో ఈ ద్వారం పేరు 'రాపి'. 5080వ పోర్టుపై సురక్షిత వెబ్ అనుసంధానం ద్వారా ప్రశ్నలు స్వీకరించి, 'జేసన్' రూపంలో జవాబిస్తుంది. ఈ ద్వారం ఉండడంవల్ల డాష్‌బోర్డు రాసేవారు క్లస్టర్ లోపలి నిర్మాణాన్ని తాకనక్కరలేదు. వందల పంక్తుల ప్రోగ్రామ్‌తోనే పనికివచ్చే తెర తయారవుతుంది. కంప్యూటర్ విద్యార్థులకు ఇది మంచి ప్రాజెక్టు అంశం కూడా.

ఇక్కడ మూడు సూక్ష్మాలు గమనించాలి.

మొదటిది, తెరమీద కనిపించేది వర్తమానం కాదు. ప్రతి వాడుకరి పేజీ తెరచినప్పుడల్లా అన్ని నోడ్లనూ అడిగితే క్లస్టర్‌పై భారం పడుతుంది. అందుచేత మధ్య అంచె కొంతసేపటి క్రితం వచ్చిన జవాబును దాచి చూపుతుంది. గనేటి వెబ్ మేనేజర్ కూడా ఈ పద్ధతినే అనుసరించింది. ఇది దోషం కాదు. ఆ జవాబు ఏ సమయానిదో చెప్పకపోవడం దోషం. క్లస్టర్‌తో సంబంధం తెగిపోయాక కూడా పాత ఆకుపచ్చ గుర్తులనే చూపే తెర, ఏమీ చూపని తెరకన్నా ప్రమాదకరం. ప్రతి పట్టిక పైనా సమాచారం తీసుకున్న సమయం ఉండాలి. అది పాతబడితే రంగు వెలిసిపోవాలి.

రెండవది, బటన్ నొక్కడం పని పూర్తికావడం కాదు. గనేటిలో ప్రతి ఆదేశమూ ఒక 'జాబ్'గా వరుసలో చేరుతుంది. దానికొక సంఖ్య ఉంటుంది. అది వేచి ఉండవచ్చు, నడుస్తూ ఉండవచ్చు, విఫలం కావచ్చు. డాష్‌బోర్డు వెంటనే 'విజయవంతం' అని ప్రకటిస్తే అది అబద్ధం. 'మీ ఆదేశం చేరింది, సంఖ్య ఇది, ప్రస్తుతం ఈ దశలో ఉన్నది' అని చెప్పడమే నిజాయితీ.

మూడవది, కోరిన స్థితి వేరు, ఉన్న స్థితి వేరు. ఒక మెషీన్ నడవాలని నిర్వాహకుడు నిర్ణయించడం ఒకటి. అది వాస్తవంగా నడుస్తూ ఉండడం మరొకటి. గనేటి ఈ రెంటినీ విడివిడిగా నమోదుచేసి, పోల్చి, తేడా ఉంటే దోషంగా చూపుతుంది. ఈ మూడవ సూక్ష్మం భాషకు సంబంధించినది కూడా కాబట్టి ప్రత్యేకంగా పరిశీలించాలి.

6. 'ఆగింది', 'ఆపారు': స్థితిని తెలుగులో తెలుపడం

ఇంగ్లీషులో మెషీన్ నడవకపోతే 'డౌన్' అంటారు. ఎవరైనా ఆపినా, దానంతటది పడిపోయినా మాట ఒక్కటే. ఈ సందిగ్ధతను తొలగించడానికి గనేటి రూపకర్తలు ముందు మరో పదం చేర్చవలసి వచ్చింది. నిర్వాహకుడు కావాలని ఆపితే 'అడ్మిన్ డౌన్', నడవవలసినది నడవకపోతే 'ఎర్రర్ డౌన్'.

తెలుగులో ఈ భేదం క్రియలోనే ఉన్నది. ఆగు అకర్మకం, ఆపు సకర్మకం. తిరుగు, తిప్పు, మారు, మార్చు, కదలు, కదుపు వంటి జంటలవంటిదే ఇదీ. 'గ్రంథాలయ సర్వర్‌ను ఆపారు' అంటే కర్త ఉన్నాడని, ఉద్దేశం ఉన్నదని, కంగారు అక్కరలేదని అర్థమవుతుంది. 'గ్రంథాలయ సర్వర్ ఆగిపోయింది' అంటే కర్త లేడు. పైగా 'పోవు' అనే సహాయక్రియ అది అనుకోనిదని, అవాంఛనీయమని సూచిస్తుంది. అదనపు విశేషణం అవసరం లేకుండానే చదివినవారు లేచి నిలబడతారు.

గనేటి తెలిపే ఇతర స్థితులను కూడా ఈ దృష్టితో తెలుగు చేయవచ్చు. ఆపమన్నా నడుస్తున్న మెషీన్‌కు 'ఆపినా నడుస్తోంది'. ఉండవలసిన నోడ్‌పై కాక మరొకదానిపై నడుస్తుంటే 'వేరేచోట నడుస్తోంది'. దాన్ని మోసే నోడ్ పలకకపోతే 'సర్వర్ అందడం లేదు'. ఈ చివరిదానిలో 'మెషీన్ ఆగిపోయింది' అనకపోవడం ముఖ్యం. సర్వర్ అందనప్పుడు మెషీన్ ఆగిందో లేదో మనకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పకపోవడం ఇక్కడ కేవలం భాషామర్యాద కాదు; దాని పర్యవసానం తరువాతి విభాగంలో తేలుతుంది.

సాంకేతిక తెలుగు అనగానే సంస్కృత సమాసాలతో కొత్త నామవాచకాలు కూర్చడంపైనే మన దృష్టి నిలుస్తున్నది. సర్వర్, డిస్క్, నోడ్ వంటి మాటలు వాడుకలో స్థిరపడినవే. వాటిని అలాగే ఉంచవచ్చు. స్థితిని, చర్యను తెలిపే క్రియలే వాడుకరి నిర్ణయాన్ని శాసిస్తాయి. ఈ-నామ్ వంటి వేదికలు తెలుగులోనూ లభిస్తున్న ఈ కాలంలో తెరభాషపై పరిశోధన చేసేవారు నామవాచకాలతోపాటు ఈ క్రియలను కూడా పరిశీలించవలసి ఉన్నది.

7. ప్రమాదకరమైన బటన్

డాష్‌బోర్డులో మెషీన్‌ను ఒక సర్వర్ నుంచి మరొకదానికి చేర్చే చర్యలు రెండు. మొదటిది తరలింపు. రెండు సర్వర్లూ బాగున్నప్పుడు, నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండానే దాని మెమరీని రెండవదానికి పంపి, అక్కడ కొనసాగించడం. మరమ్మతుకు ముందు దీన్ని వాడతారు. రెండవది ఫెయిలోవర్. ప్రధాన సర్వర్ పడిపోయినప్పుడు ద్వితీయ సర్వర్‌లోని డిస్కు ప్రతితో మెషీన్‌ను మళ్లీ మొదలుపెట్టడం. మెమరీలో ఉన్నది పోతుంది. డిస్కులో ఉన్నది దక్కుతుంది.

తెరమీద రెండూ ఒకే పరిమాణంలో, పక్కపక్కన బటన్లుగా కనిపిస్తే అపాయం పొంచి ఉన్నట్లే. ప్రధాన సర్వర్ నిజంగా పడిపోలేదనీ, నెట్‌వర్క్ తీగ మాత్రమే ఊడిందనీ అనుకుందాం. డాష్‌బోర్డుకు అది అందదు. నిర్వాహకుడు 'పడిపోయింది' అని నమ్మి ఫెయిలోవర్ బటన్ నొక్కుతాడు. ఇప్పుడు ఒకే మెషీన్ రెండుచోట్ల నడుస్తుంది. గ్రంథాలయంలో కొందరికి ఒకదానిలో, కొందరికి మరొకదానిలో పుస్తకాలు నమోదవుతాయి. తీగ మళ్లీ తగిలించాక రెండు డిస్కులూ వేర్వేరు చరిత్రలు చెబుతాయి. ఏదో ఒకదాన్ని వదులుకోక తప్పదు. వదులుకున్నదానిలో పరీక్షల మార్కులుంటే? ఈ స్థితిని నిపుణులు 'స్ప్లిట్ బ్రెయిన్' అంటారు. ఇందుచేతనే గనేటిలో పోయిన నోడ్‌ను ముందుగా 'ఆఫ్‌లైన్' అని ప్రకటించే పద్ధతి ఉన్నది. మాస్టర్ బాధ్యతను మరో నోడ్‌కు మార్చేటప్పుడు మెజారిటీ నోడ్ల సమ్మతిని సరిచూస్తుంది.

సరళమైన డాష్‌బోర్డు ఇక్కడ ఉద్దేశపూర్వకంగా నెమ్మదించాలి. ఫెయిలోవర్‌కు ముందు 'సర్వర్ విద్యుత్తు ఆపినట్లు స్వయంగా చూశారా?' అని అడగాలి. మెషీన్‌ను తొలగించేటప్పుడు దాని పేరును వాడుకరి చేతనే టైపు చేయించాలి. 'అవును' అనే బటన్‌ను చదవకుండా నొక్కే అలవాటు అందరికీ ఉన్నది. పేరు టైపు చేయాలంటే దాన్ని చదవక తప్పదు.

8. అధికారాల విభజన: బాదల్ అనుభవం

ఎవరు ఏమి చేయవచ్చన్నది డాష్‌బోర్డు తేల్చవలసిన మరో ప్రశ్న. మన విద్యారంగంలో దీనికి మంచి ఉదాహరణ ఢిల్లీ ఐఐటీ రూపొందించిన 'బాదల్'. సమాచార సాంకేతికత ద్వారా విద్య కోసం ఏర్పడిన జాతీయ మిషన్ 2009 ఫిబ్రవరి 3న తిరుపతిలో ప్రారంభమైంది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పాలుపంచుకున్న వర్చువల్ ల్యాబ్స్ పథకం ఆ మిషన్ కిందిదే. బాదల్ కూడా దాని ఆదరణలో పెరిగినదే.

బాదల్‌లో విద్యార్థి తనకు కావలసిన మెషీన్ కోసం వెబ్‌పేజీలో అభ్యర్థన పెడతాడు. అది ముందు అధ్యాపకుని ఆమోదానికి, తరువాత నిర్వాహకుని ఆమోదానికి వెళుతుంది. ఆ తరువాతే మెషీన్ తయారవుతుంది. కళాశాలలో సెలవు దరఖాస్తు నడిచే తీరే ఇది. విశ్వవిద్యాలయపు అలవాట్లకు తగిన పనితీరును తెరలోకి తేవడమే దాని విశిష్టత. ఇందుకు భిన్నంగా వికీమీడియా తన స్వచ్ఛంద కార్యకర్తలకు ఓపెన్‌స్టాక్ అనే పెద్ద వ్యవస్థను 'హొరైజన్' డాష్‌బోర్డు ద్వారా అందిస్తున్నది. అందులో ప్రతి ప్రాజెక్టుకూ ఒక కోటా ఉంటుంది; ఆ కోటాలోపల ప్రాజెక్టు బాధ్యులు తమంతట తామే మెషీన్లు సృష్టించుకుంటారు. మొదటిది ఆమోదపద్ధతి, రెండవది కోటాపద్ధతి. పదిమంది వాడే చోట మొదటిది చాలు. వందలమంది వాడే చోట ఆమోదాల వరుసే అడ్డంకి అవుతుంది కాబట్టి రెండవది మేలు.

ఏ పద్ధతిలోనైనా రెండు నియమాలు తప్పవు. చూసే అనుమతి వేరు, మార్చే అనుమతి వేరుగా ఉండాలి. గనేటి ద్వారంలో కూడా మార్చే అనుమతిని ప్రత్యేకంగా ఇవ్వవలసి ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ మెషీన్‌పై ఏమి చేశారన్న దినచర్య చెరిగిపోకుండా నమోదుకావాలి. ఇక డాష్‌బోర్డును ఇంటర్నెట్‌కు నేరుగా తెరచి ఉంచరాదు. సంస్థ లోపలి నెట్‌వర్క్ నుంచి మాత్రమే అందేలా చూడాలి. వాటాలన్నిటి తాళాలూ ఉన్న గుత్తి అది.

9. డాష్‌బోర్డు చేయలేనివి

డాష్‌బోర్డును అతిగా నమ్మడం కూడా పొరపాటే. జంటడిస్కులు ఉన్నాయని చూపినంతమాత్రాన బ్యాకప్ ఉన్నట్లు కాదు. ఎవరైనా పొరపాటున ఒక ఫైలును చెరిపివేస్తే, ఆ చెరపడం కూడా రెండవ డిస్కుకు క్షణంలో చేరుతుంది. నిన్నటి ప్రతి వేరేచోట ఉండడమే బ్యాకప్. మెషీన్ 'నడుస్తోంది' అని తెర చెప్పినా, దానిలోని గ్రంథాలయ సేవ పలకకపోవచ్చు. వాటాలో దీపం వెలుగుతున్నంతమాత్రాన లోపల మనిషి ఉన్నాడనలేం. సేవను బయటినుంచి పలకరించి చూసే ఏర్పాటు వేరే ఉండాలి. డాష్‌బోర్డు ఆ క్లస్టర్‌పైనే ఒక మెషీన్‌గా నడుస్తుంటే, క్లస్టర్ పడిపోయిన రోజున, అంటే అత్యవసరమైన రోజునే, అదీ ఉండదు. కాబట్టి ముఖ్యమైన పది ఆదేశాలు కాగితంపై అచ్చువేసి సర్వర్ గదిలో ఉంచడం మంచిది.

10. ముగింపు

తెలంగాణ గ్రామాల్లో చెరువునీటిని పొలాలకు పారించే బాధ్యత నీరటిది. తూము ఎంత తెరవాలి, ఏ మడికి నీరు అందింది, ఏ కాలువ గండి పడబోతున్నది అన్న సంగతులన్నీ అతని తలలో ఉండేవి. అతను ఊళ్లో ఉన్నంతకాలం ఆయకట్టుకు చింత లేదు. అతను లేనినాడు చెరువు నిండుగా ఉన్నా మడి ఎండేది. మన సంస్థల్లో సర్వర్లు తెలిసిన ఆ ఒక్క ఉద్యోగి పరిస్థితీ అదే. బదిలీ అయినా, మెరుగైన ఉద్యోగం దొరికి వెళ్లినా క్లస్టర్ అనాథ అవుతుంది. యంత్రాలుంటాయి, వాటిని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యముండదు.

మంచి డాష్‌బోర్డు ఆ నీరటి జ్ఞానాన్ని నలుగురూ చదవగల పుస్తకంగా మారుస్తుంది. అందుకు అది నాలుగు ప్రశ్నలకు తేటగా జవాబివ్వాలి: ఏది నడుస్తోంది, ఎవరిది? ఏది ఆపారు, ఏది ఆగిపోయింది? ఏ ఒక్క సర్వర్ పోయినా మిగిలినవి మోయగలవా? నిన్న ఎవరు ఏమి మార్చారు? వీటితోపాటు తాను చెబుతున్నది ఏ సమయానిదో దాచకుండా చెప్పాలి. ఇంతకుమించిన రంగులు, రేఖాచిత్రాలు అదనపు అలంకారాలే. సరళత అనేది తెరమీద ఉన్న బటన్ల సంఖ్యతో కాక, కొత్తగా వచ్చిన ఉద్యోగి మొదటిరోజున తప్పు చేయకుండా ఉండగలగడంతో కొలవవలసిన గుణం. తిరుమలగిరి మార్కెట్‌లో లాట్ సంఖ్య పట్టుకొని ధర కోసం ఎదురుచూసే రైతుకు ఈ తెర ఎప్పుడూ కనిపించదు. అయినా దాని బాగోగుల ఫలితం చివరికి అతని దాకా చేరుతుంది.